మనుమరాలికి వెండి గిలక్కాయ

కుటుంబాలలో మనస్పర్థలు పొలం గట్ల దగ్గర, ఇచ్చిపుచ్చుకొనే కట్నాల దగ్గర మాత్రమే రావు. ఒక్కొక్కసారి పసిబిడ్డ చేతిలో పెట్టిన ఆటబొమ్మ దగ్గర కూడా మొదలవుతాయి. తాతయ్యో అమ్మమ్మో ప్రేమ కొద్దీ ఖరీదైన బొమ్మ ఒకటి తెస్తారు. నాలుగు రోజులు ఆడుకొని పారవేయటానికి కాదు, బిడ్డ పెద్దదైన తరువాత కూడా తమ గుర్తుగా దాచుకోవాలని తెస్తారు. దాన్ని చూసి సంతోషించాలో, అయిన ఖర్చు తలచుకొని బాధపడాలో తల్లిదండ్రులకు పాలుపోదు. పుచ్చుకుంటే పెద్దల కష్టార్జితం లాగుకున్నట్లు ఉంటుంది. వద్దంటే వారి మనసు నొప్పించినట్లవుతుంది. ఈ చిక్కు ఈనాడు మన సంఘాలలో ఎన్నో ఇళ్లకు ఎదురవుతున్నది. కనుక ఈ నెల దీనిని గురించి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

పల్లె ఇల్లు, పట్నం ఇల్లు

హైదరాబాదుకు పడమట, సంగారెడ్డి జిల్లాలో తెల్లాపూర్ ఉన్నది. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారానికి, లింగంపల్లి రైలు స్టేషనుకు దగ్గరి ఊరు. ఒక తరం క్రితం అది చేలూ చెరువులూ ఉన్న పల్లె. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు కంప్యూటర్ కంపెనీలు పెరిగిన కొద్దీ, ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తరువాత, ఆ చేలలోనే అంతస్తుల భవనాలు లేచాయి. గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు 2018లో పురపాలక సంఘమైంది. జోగిపేట, మెదక్, జహీరాబాద్ వైపు పల్లెల నుంచి, ఇంకా దూరాన కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి చదువుకొని వచ్చిన మన పిల్లలు అనేకులు ఇప్పుడు ఆ చుట్టుపక్కలనే కాపురాలు పెట్టుకున్నారు. పల్లెలో మిగిలిన తల్లిదండ్రులు సంవత్సరానికి ఒకటి రెండుసార్లు, బిడ్డకు బాప్తిస్మమో ప్రతిష్ఠో జరిగే రోజున, క్రిస్మస్ పండుగకు, సంచులు పట్టుకొని అక్కడికి వెళ్లి వస్తుంటారు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. పది నెలల ఆడబిడ్డ. తల్లి తరఫు తాతయ్య జోగిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. పత్తి అమ్మిన డబ్బుతో ఐదు తులాల వెండి గిలక్కాయ చేయించుకొని తెచ్చాడు. పిడి మీద బిడ్డ పేరు చెక్కించాడు. డబ్బా తెరవగానే కూతురి ముఖం మారిపోయింది. "గింత పైసలు ఎందుకు పెట్టినవ్ నాయినా? గీమెకు ఏమెరుక వెండి సంగతి!" అన్నది. "నా మనుమరాలికి గాక ఎవరికి పెడ్తనే?" అన్నాడు తాతయ్య. అల్లుడు నోరు మెదపలేదు. తమ ఇంటి బీదరికాన్ని మామగారు ఎత్తి చూపినట్లు అతనికి తోచింది. గోడ వారగా కూర్చున్న నాయనమ్మ మాత్రం, పాత నూలు చీర ముక్కలతో తాను కుట్టి తెచ్చిన గుడ్డబొమ్మను మెల్లగా మళ్లీ సంచిలోకి తోసేసింది.

ఈ ఇంట్లో ఎవరు తప్పు చేశారు? ఎవరూ చేయలేదు. అందరి మనసులోనూ ప్రేమే ఉన్నది. అయినా అందరూ కొంచెం కొంచెం గాయపడ్డారు. ఈ నలుగురినీ మనసులో ఉంచుకొని ముందుకు పోదాం.

ముందుగా పుచ్చుకోండి

మా మొదటి మాట ఇది: పెద్దలు ప్రేమతో తెచ్చినదాన్ని ఆ క్షణంలో వద్దనకండి, ధర అడగకండి. రెండు చేతులా అందుకోండి. బిడ్డ చేతిని పట్టి తాకించండి. "నాయినా, మంచిగున్నది" అని ఒక్క మాట అనండి. ఖర్చు సంగతి మాట్లాడటానికి రేపు ఉన్నది, ఎల్లుండి ఉన్నది.

ఎందుకంటే పల్లెలో ఉన్న తాతకు మనుమరాలి మీద రోజువారీ హక్కు ఏదీ లేదు. ఆమెకు స్నానం చేయించలేడు, భుజాన వేసుకొని చేను గట్టున తిప్పలేడు, జ్వరం వస్తే రాత్రి మేలుకోలేడు. ఫోనులో ముఖం చూసి "తాతా అను" అని బతిమాలుకోవటమే అతని వంతు. బిడ్డ రోజులన్నీ తన కంటికి దూరంగా జరిగిపోతున్నాయి. తాను లేని ఆ ఇంట్లో తన తరఫున ఒక వస్తువైనా ఉండాలని అతని ఆశ. వెండి అయితే విరగదు, చిరగదు, తన తరువాత కూడా ఉంటుందని అతని లెక్క. అలాంటి కానుకను నలుగురిలో కాదంటే, కానుకను కాదన్నట్లు అతనికి వినబడదు. ఈ ఇంట్లో నీకు చోటు లేదన్నట్లు వినబడుతుంది.

పుచ్చుకోవటం కూడా ఒక సేవయే. ఇవ్వటంలోని ధన్యతను గురించి మన మందిరాలలో తరచుగా వింటాం. అయితే ఇచ్చేవాడికి ఆ ధన్యత దక్కాలంటే, వినయంగా పుచ్చుకొనేవాడు ఒకడు ఉండాలి కదా.

రెండవ మాట విడిగా

అయితే ఖర్చు సంగతి అసలే అడగకూడదా? తప్పక అడగాలి. ఎందుకంటే ఇది చిన్న ఖర్చు కాదు. 2020 జనవరిలో కిలో వెండి 50 వేల రూపాయల లోపు ఉండేది. 2025లో లక్ష దాటింది. ఆ సంవత్సరం ముగిసేలోగా రెండు లక్షలు కూడా దాటింది. అంటే 2020లో ఐదు తులాల గిలక్కాయకు 2,500 రూపాయల వెండి సరిపోతే, 2025 చివరికి ఆ వెండికే 10 వేలకు పైగా పెట్టవలసి వచ్చింది. దాని మీద మజూరీ, 3 శాతం జి.ఎస్.టి. వేరు. 50 కిలోల డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలన్న లెక్కన చూస్తే, అది ఏడు బస్తాల ఎరువు. పట్నంలో జీతం తీసుకొనేవారికి ఇది ఒక రాత్రి హోటలు భోజనాలతో సమానం కావచ్చు. యాసంగి పెట్టుబడి కోసం ఎదురుచూసే రైతుకు అలా కాదు.

కనుక బిడ్డ నిద్రపోయిన తరువాత, అల్లుడు ఎదుట కాకుండా, కూతురే తండ్రి పక్కన కూర్చొని అడగాలి. "నాయినా, వడ్డీకి తెచ్చినవా? అమ్మ మందులకు దాచిన పైసలేనా?" అని సూటిగా, మెత్తగా అడగాలి. అప్పు చేయలేదని, చేతిలో ఉన్నదే పెట్టానని తండ్రి చెబితే, ఆ మాటను గౌరవించి అంతటితో ఆపాలి. కన్నవారికి తమ డబ్బు తమ ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకొనే హక్కు ఉన్నది. మన జీతాలు పెరిగినంత మాత్రాన వారి చేతులను మనం కట్టివేయకూడదు.

అప్పు చేశాడని తేలితే అప్పుడేమి చేయాలి? వస్తువును తిరిగి ఇవ్వటం పరిష్కారం కాదు. తిరిగి అమ్మితే మజూరీ పోతుంది, ఆయన పరువూ పోతుంది. గిలక్కాయ ఉంచుకొని, ఆ అప్పు తీరే దారి చూడండి. విత్తనాల ఖర్చో, తల్లి కంటి ఆపరేషను ఖర్చో, ఇంటి కరెంటు బిల్లో తన మీద వేసుకొనే కూతురు, కానుకకు బదులు చెల్లించినట్లు కనబడకుండానే భారం దించగలదు. అటుపైన "ఇకమీదట ఏది కొన్నా నన్నొక మాట అడుగు నాయినా" అని చెప్పే అధికారం ఆమెకు ఉంటుంది.

ఏది ఖరీదు, ఏది గుర్తు

ఖరీదుకు, గుర్తుగా నిలిచే గుణానికి సంబంధం తక్కువ. మన తెలుగు నేలలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. విజయవాడకు దగ్గరి కొండపల్లిలో తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో బొమ్మలు చేస్తారు. కాళ్లు, చేతులు, తొండాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మీద సున్నం పూసి రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, తాటి చెట్టు ఎక్కే మనిషి, ఎడ్లబండి చూడని తెలుగు ఇల్లు తక్కువ. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు లక్క ముక్కను అదిమితే ఆ రాపిడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. అక్కడ చెట్ల గింజల నుంచి, బెరడుల నుంచి, వేళ్ల నుంచి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టటానికి శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. మన తెలంగాణలో నిర్మల్ బొమ్మలు ఉన్నాయి. ఈ మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉన్నది. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ బొమ్మలు అనేక ఇళ్లలో రెండు మూడు తరాలు నిలిచి ఉన్నాయి.

ఇక నాయనమ్మ గుడ్డబొమ్మ సంగతి. ఇంగ్లండులో పిల్లల వైద్యుడుగా ఎంతో కాలం పనిచేసిన డొనాల్డ్ వినికాట్ 1951లో చదివిన ఒక పత్రంలో ఒక సంగతి వివరించాడు. చాలామంది పసిపిల్లలు ఏదో ఒక మెత్తని వస్తువును, దుప్పటి అంచునో గుడ్డబొమ్మనో, తమదిగా ఎన్నుకొంటారు. తల్లి పక్కన లేనప్పుడు దాన్ని పట్టుకొనే నిద్రపోతారు. ఉతికితే దాని వాసన మారిందని ఏడుస్తారు. ఇది తల్లులకు కొత్త సంగతి కాదు. అలాంటి వస్తువును మనం కొని బిడ్డకు అలవాటు చేయలేం, బిడ్డయే ఎన్నుకోవాలి. వెండిని వదిలి నాయనమ్మ చీర వాసనను ఎన్నుకొంటే ఆశ్చర్యం లేదు. కనుక సంచిలోకి పోయిన ఆ బొమ్మను కోడలే అడిగి తీసుకోవాలి. "అత్తమ్మా, ఏదో తెచ్చినవు, చూపియ్యవా?" అని అల్లుడి తల్లిని అడిగే ఆ ఒక్క మాటతో ఇంట్లో సగం చలి విడిపోతుంది. ఫోటో తీసేటప్పుడు బిడ్డ ఒక చేతిలో గిలక్కాయ, మరొక చేతిలో గుడ్డబొమ్మ ఉండాలి.

బీరువాలోనా, బిడ్డ చేతిలోనా

కొందరు ఖరీదైన బొమ్మను బిడ్డకు ఒక్కసారి చూపించి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కొందరు అన్ని బొమ్మలతో పాటు బుట్టలో పడవేస్తారు. రెండూ సరికావు. మధ్య మార్గం ఒకటున్నది.

ముందు బిడ్డ క్షేమం చూడాలి. వెండి గిలక్కాయ రెండు గుల్ల సగాలను అతికి, లోపల గుండ్లు వేసి చేస్తారు. రేకు పలుచనైతే కింద పడినప్పుడు నొక్కుకుపోతుంది, అతుకు విడిపోతుంది. అప్పుడు అంచు కోసుకుంటుంది, గుండ్లు నోట్లోకి పోతాయి. చుట్టూ వేలాడే చిన్న మువ్వలు ఉంటే ఒక్కొక్క దానినీ లాగి చూడాలి. ఊడేట్లు ఉన్నవి కంసాలి చేత తీసివేయించాలి. మూడేళ్లలోపు బిడ్డకు నోట్లో పూర్తిగా పట్టే వస్తువు ఏదీ ఒంటరిగా ఇవ్వకూడదు. వెండి నల్లబడితే మెత్తని గుడ్డతో తుడవండి. మెరుగు పొడులతో తోమి అలాగే బిడ్డ నోటికి అందనివ్వకండి. సబ్బు నీటితో కడిగి ఆరబెట్టిన తరువాతే ఇవ్వండి.

కొయ్యబొమ్మ అయితే ఏ రంగు వేశారో అమ్మేవారిని అడగండి. నోట పెట్టుకొనే వయసు బిడ్డకు రంగు సంగతి తెలియని బొమ్మ ఇవ్వకుండా, చూడటానికి అందేంత ఎత్తున అలమరలో ఉంచండి. దుకాణంలో కొనే ఆటబొమ్మల మీద 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. నమోదు చేసుకున్న చేతివృత్తులవారికి, భౌగోళిక గుర్తింపు పొందినవారికి దీని నుంచి మినహాయింపు ఇచ్చారు. కనుక కొండపల్లి పనివారు చేసిన బొమ్మ మీద ఆ గుర్తు లేనంత మాత్రాన అది నకిలీది అనుకోకండి. అన్నిటికంటె ప్రమాదకరమైనవి, పాడే బొమ్మలలో, మెరిసే బొమ్మలలో ఉండే బిళ్లల వంటి చిన్న బ్యాటరీలు. బిడ్డ మింగితే అది గొంతులో ఇరుక్కొని రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా సరే, ఒక్క క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లాలి. ఆ బ్యాటరీ అర మరచీలతో బిగించి లేని బొమ్మను, ఎవరు ఇచ్చినా, పసివారి చేతికి ఇవ్వకండి.

ఇక తాతయ్య గిలక్కాయ. ఆదివారం మధ్యాహ్నమో, తాతయ్యతో ఫోనులో మాట్లాడే వేళనో దాన్ని బయటికి తీయండి. తల్లి ఒడిలో కూర్చోబెట్టుకొని ఆడించండి. "ఇది తాత ఇచ్చిండు" అని పేరు చెప్పి వాయించండి. ఫోనులో ఆ చప్పుడు తాతయ్య వినాలి. తరువాత తుడిచి దాచండి. ఇలా చేస్తే వస్తువు భద్రంగానూ ఉంటుంది, బిడ్డకు పరిచయంగానూ ఉంటుంది.

బిడ్డకు గుర్తుండదు

ఇక్కడ ఒక కఠినమైన సత్యం ఉన్నది. మూడేళ్లలోపు జరిగినవి పెద్దయిన తరువాత మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. తాతయ్య బస్సు దిగి వచ్చిన రోజు, డబ్బా తెరిచిన వేళ, ఆయన కళ్లలోని నీళ్లు ఈ పది నెలల పాపకు జ్ఞాపకం ఉండవు. తాతయ్యకు డెబ్బై ఏళ్లయితే, పాపకు జ్ఞాపకశక్తి స్థిరపడే నాటికి ఆయన ఉంటారో ఉండరో దేవునికే తెలియాలి. అప్పుడు ఆమె చేతిలో మిగిలేది పేరు చెక్కిన ఐదు తులాల లోహం మాత్రమే. కథ చెప్పేవారు లేకపోతే అది గుర్తు కాదు, సరుకు.

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమ నుంచి 12 రాళ్లు మోసుకొని వచ్చి గిల్గాలులో నిలువబెట్టారు. ఆ రాళ్లకు ధర లేదు. నదిలో ఏరుకున్నవే. రాబోయే కాలంలో పిల్లలు ఈ రాళ్లు ఏమిటని అడుగుతారని, అప్పుడు పెద్దలు జవాబు చెప్పాలని వారికి ఆజ్ఞ ఉన్నది. అంటే రాయి పని ప్రశ్న పుట్టించటం. జవాబు చెప్పటం తల్లిదండ్రుల పని. జవాబు చెప్పటం మానేసిన ఇంట్లో 12 రాళ్లు ఉన్నా, 12 కిలోల వెండి ఉన్నా ఒక్కటే.

కనుక ఖరీదైన కానుకను పుచ్చుకొనే తల్లిదండ్రుల మీద ఒక బాధ్యత పడుతున్నది. ఆ వారంలోనే ఒక కాగితం తీసుకొని రాయండి. ఎవరు ఇచ్చారు, ఏ తేదీన, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పంట డబ్బు, ఏ కంసాలి చేశాడు, ఇచ్చేటప్పుడు ఏమన్నారు. తాతయ్యకు రాయటం వస్తే ఆయన చేతనే నాలుగు వాక్యాలు రాయించండి. రాకపోతే ఆయన చెబుతుండగా మీరు రాసి, కింద వేలిముద్ర వేయించండి. మనవరాలికి ఆ వేలిముద్ర వెండికంటె విలువైనదవుతుంది. ఈ రోజుల్లో ప్రతి చేతిలో ఫోను ఉన్నది గనుక ఆయన గొంతును రికార్డు చేయండి. తన చిన్ననాటి బొమ్మలను గురించి అడగండి. తాటికాయ బండి, జొన్నబెండు ఎద్దులు, చెరువు మట్టితో చేసిన గుర్రాలు, ఇవన్నీ ఆయన చెబుతారు. వెండి ముఖం చూడని బాల్యం నుంచి వచ్చిన మనిషి మనుమరాలికి వెండి ఎందుకు తెచ్చాడో అప్పుడు మీకే అర్థమవుతుంది. ధర మీద కోపం ఉంటే అది కూడా కరిగిపోతుంది.

మిగిలిన మనవలు చూస్తుంటారు

కానుక ఒక్క ఇంట్లోకి వెళ్లినా, చూసే కళ్లు పది ఉంటాయి. పల్లెలోనే ఉండి ముసలివారికి నీళ్లు తోడిపెట్టే చిన్న కొడుకు పిల్లలకు ప్లాస్టిక్ లారీ, పట్నంలో ఉన్న కూతురి బిడ్డకు వెండి గిలక్కాయ అయితే, ఆ పిల్లలు నోరు తెరచి అడగకపోయినా వారి మనసులో ముల్లు దిగుతుంది. యాకోబు ఒక్క కుమారుడికే ప్రత్యేకమైన నిలువుటంగీ చేయించాడు. ప్రేమతోనే చేయించాడు. ఆ అంగీయే అన్నల కడుపు మంటకు నిప్పయింది. చివరికి దాన్ని రక్తంలో ముంచి తండ్రి ముందుకే తెచ్చారు. ఖరీదైన కానుక తేవాలనుకొనే ప్రతి తాతా ఈ కథను ఒకసారి తలచుకోవటం మంచిది. అందరికీ సమానంగా పెట్టలేకపోతే అందరికీ చిన్నవే పెట్టవచ్చు.

వియ్యపురాళ్ల సంగతి కూడా అంతే. ఒక వైపు వెండి వస్తే రెండవ వైపు బంగారం తేవాలన్న పోటీ పుట్టకూడదు. ఆ పోటీలో చివరికి అప్పులవాడే గెలుస్తాడు. తల్లిదండ్రులు రెండు వైపులవారికీ ముందుగానే ఒక మాట చెప్పాలి: "మా ఇంట్లో ఎవరి కానుకకూ ధర చెప్పుకోము, ఎవరిదీ మరొకరి దానితో పోల్చము." బంధువులు వచ్చినప్పుడు గిలక్కాయను తెచ్చి తూకం చెప్పటం మానాలి.

తెల్లాపూర్ చుట్టుపక్కల దీనికి మరొక ముఖం ఉన్నది. పక్కనే ఉన్న కొల్లూరులో నగరంలోని పేదల కోసం కట్టిన 15,660 రెండు పడక గదుల ఇళ్లు 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. ఒక వైపు ఆ ఇళ్లు, మరొక వైపు గేట్లు, కాపలావాళ్లు ఉన్న భవనాలు. పై అంతస్తులో ఇల్లు తుడిచే తల్లి వెంట ఆమె బిడ్డ వస్తుంది. బల్ల మీద ఉన్న వెండిని ఆ బిడ్డ కూడా చూస్తుంది. ఖరీదైన వస్తువును ఎక్కడ పడితే అక్కడ వదిలి, అది కనబడనప్పుడు ఆ తల్లిని అనుమానించటం ఘోరమైన పాపం. దాచవలసినదాన్ని దాచటం మన పని. ఆడుకొనే బొమ్మలను మాత్రం ఆ బిడ్డతో కలిసి ఆడుకోనివ్వాలి. పంచుకోవటం వెండితో రాదు, గుడ్డబొమ్మతో వస్తుంది.

తాతలకూ అవ్వలకూ ఒక మాట

పల్లెలలో ఈ పత్రిక చదివే పెద్దలారా, మీ ప్రేమను ఎవరూ తూకం వేయలేరు. అయినా కొనే ముందు కొన్ని సంగతులు చూసుకోండి.

మీ మందులకు, విత్తనాలకు, సంఘానికి ఇవ్వవలసినదానికి డబ్బు పక్కన పెట్టిన తరువాత మిగిలినదానితోనే కొనండి. మనవల కానుక కోసం వడ్డీకి తేవద్దు. ఆ వడ్డీ చివరికి మీ బిడ్డల నెత్తినే పడుతుంది. కొనే ముందు కూతురినో కోడలినో అడగండి. "పాపకు ఏమి తేను?" అని అడిగితే మీ కానుక విలువ తగ్గదు. వెండి కొంటే రసీదు తీసుకోండి. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి వస్తువులకు కూడా ప్రత్యేక సంఖ్యతో కూడిన హాల్‌మార్క్ వేసే పద్ధతి వచ్చింది. అది తప్పనిసరి కాకపోయినా, ఆ గుర్తు ఉన్న దుకాణంలో కొంటే మేలు. లోపల లక్కో మైనమో నింపిన వస్తువును వెండి ధరకు తూచి అంటగట్టకుండా చూసుకోండి.

పెద్ద మొత్తమే ఇవ్వాలని ఉంటే, బొమ్మకు కొంచెం పెట్టి మిగిలినది బిడ్డ చదువుకు వేయవచ్చు. పదేళ్లలోపు ఆడపిల్లలకు 2015లో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతా పోస్టాఫీసులో తెరుస్తారు. సంవత్సరానికి కనీసం 250 రూపాయలు కట్టాలి, లక్షన్నర దాకా కట్టవచ్చు. అయితే ఆ ఖాతా తెరవవలసింది తల్లి, తండ్రి లేక చట్టప్రకారం సంరక్షకులు మాత్రమే. కనుక తాతలు తమ పేర తెరవక, డబ్బు తల్లిదండ్రులకు ఇచ్చి వారి చేత తెరిపించాలి.

హన్నాను కూడా తలచుకోండి. సమూయేలు దూరాన షిలోహులోని మందిరంలో పెరుగుతున్నప్పుడు, ఆ తల్లి ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్లేది. బిడ్డ ఎంత పెరిగాడో లెక్క కట్టుకొని, సంవత్సరమంతా మనసులో కొలతలు వేసుకొని కుట్టి ఉంటుంది కదా. దూరాన ఉన్న బిడ్డకు ఏటేటా చేరిన ఆ చిన్న వస్త్రం, ఒకేసారి ఇచ్చిన పెద్ద కానుకకంటె ఏమి తక్కువ?

చివరగా, ఇచ్చేటప్పుడు ఒక మాట కూడా కలిపి ఇవ్వండి. మన ఇళ్లలో వెండి బంగారాలకు ఒక గతి ఉన్నది. పంట పోయిన సంవత్సరం అవి కుదువకు వెళ్తాయి. కంపెనీలో ఉద్యోగం పోయిన నెల పట్నం ఇంట్లోనూ అదే జరుగుతుంది. పాప కాలేజీ ఫీజుకో, ఆపరేషనుకో ఒక రోజు ఈ గిలక్కాయను అమ్మవలసి వస్తుందేమో. తాత గుర్తును అమ్ముకున్నామన్న దుఃఖం, నేరం చేసిన భయం ఆ తల్లిదండ్రులను అప్పుడు పీడించకూడదు. కనుక ఈ రోజే చెప్పండి: "ఇది పాపకు ఇచ్చిన. ఆడుకోనియ్యుండ్రి, దాచిపెట్టుండ్రి. కష్టమొస్తే అమ్ముకోండ్రి. నాకేం బాధ లేదు." ఈ మాటను కూడా ఆ కాగితం మీద రాయించుకోండి. వెండి పోయినా ఆ కాగితం ఇంట్లో ఉంటుంది. పాప పెద్దదై దాన్ని చదివినప్పుడు, తన తాత తనకు ఏమి ఇచ్చాడో పూర్తిగా తెలుసుకుంటుంది.